పాత ఆది

టేపు తాతయ్య ఒకసారి కొలిస్తే దేవుడు కూడా రెండోసారి కొలవక్కర్లేదని ఆ వీధిలో అనుకునేవారు. అలా అనుకునేవారిలో మొదటివాడు ఆయనే. దర్జీ దుకాణం మూసేసి ఏళ్ళు గడిచినా మెడలో టేపు మాత్రం తియ్యలేదు. ముందుగది కిటికీ పక్కన మిషను వేసుకుని, ఇరుగుపొరుగు వాళ్ళ ప్యాంటు అంచులు మడిచి కుట్టడం, చిరిగిన కాలర్లు తిప్పడం ఇప్పటికీ ఆయన పనే. అందుకే ఇల్లు మార్పించడానికి వచ్చిన వడ్రంగి జేబులోంచి తన టేపు తీస్తుంటే, తాతయ్య చెయ్యి అడ్డం పెట్టి దాన్ని లోపల పెట్టుకోమన్నాడు.

ఇల్లు మార్పించాలన్నది కూతురి పట్టు. పోయిన ఏడాది వానాకాలంలో ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే కూతురు తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి తేల్చి చెప్పింది: ఇల్లు బాగుచేయిస్తాను, ఇక్కడే ఉండండి, కానీ మీలో ఎవరు మళ్ళీ పడ్డా ఈ ఇంటికి తాళం వేసి నా దగ్గరికి రావాల్సిందే. కూతురిది ఎక్కడో ఎనిమిదో అంతస్తులో ఇరుకు ఫ్లాటు. అక్కడ మిషనుకి చోటు లేదు, అమ్మేద్దాం నాన్నా అని మామూలుగా అనేసింది. ఆ మాటకి ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. భార్య అది చూసింది.

పని బాగానే జరిగింది. గడపలు తీసేశారు. స్నానాలగదిలో నున్నటి రాళ్ళు పెరికేసి, జారని పలకలు వేశారు. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పారు. పడకగది నుంచి వంటింటిదాకా ఉన్న నడవ పొడుగునా గోడకి స్టీలు కడ్డీ బిగించారు. ఆ కడ్డీ ఎత్తు తాతయ్యే నిర్ణయించాడు. గోడకి ఆనుకుని నిటారుగా నిలబడి, నడుం వంచకుండా చెయ్యి ఎక్కడ ఆనితే హాయిగా ఉంటుందో అక్కడ సుద్దతో గీత గీశాడు.

మరి మామ్మగారి కొలతో అని వడ్రంగి అడగకపోలేదు. వంటింట్లోంచి ఆవిడే అందుకుంది. "నాకెందుకయ్యా? పడ్డది ఆయన. నేను గుండ్రాయిలా ఉన్నాను."

"ఆవిడ కొలతలు నాకు కంఠతా వచ్చు," అన్నాడు తాతయ్య. "నాకు అందింది ఆవిడకీ అందుతుంది."

నిజానికి ఆవిడ ఒంటి మీద టేపు పెట్టి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఎప్పుడో కుట్టిన గౌను ఒకటి ఆదిగా పెట్టుకుని, ఆ కొలతలతోనే ఆవిడ బట్టలన్నీ కుట్టేస్తూ వచ్చాడు. ఊరందరికీ ఏటేటా కొత్త కొలత, ఇంట్లో మనిషికి పాత ఆది. దర్జీల ఇళ్ళన్నీ అంతే.

కడ్డీ వచ్చాక ఆయనకి మళ్ళీ కాళ్ళు వచ్చినట్టయింది. అంతకుముందు ఏడాది పొడుగునా భార్య చెయ్యి పట్టుకోనిదే అడుగు కదపలేదు. మంచం నుంచి స్నానాలగదికి, అక్కడి నుంచి మిషను దగ్గరికి, సాయంత్రం వీధి అరుగు మీదికి, అన్నిటికీ ఆవిడ చెయ్యే. ఆవిడ లేకపోతే పెద్దాయన కదల్లేడని వీధంతా మెచ్చుకునేది. ఇప్పుడు పొద్దున్నే ఆవిడ అలవాటుగా చెయ్యి చాపితే, అక్కర్లేదోయ్ అని కడ్డీ పట్టుకుని పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళాడు. చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తరవాత ఆవిడ దాన్ని గౌనుకి తుడుచుకుంది.

అక్కడి నుంచి ఆయనకి ఏమీ అర్థం కాకుండా పోయింది.

ఎప్పుడూ మిషను దగ్గరికి వచ్చే టీ రావడం లేదు. వంటింట్లో పెట్టాను, వచ్చి తాగండి అని కేక వస్తుంది. ఆవిడకి ఇష్టమైన అరుగు మీదికి రమ్మంటే పని ఉందంటుంది. పని ఏదని చూస్తే బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంటుంది. అన్నిటికంటే వింత, స్నానాలగదికి వెళ్తారా అని గంటకోసారి అడుగుతుంది. ఇప్పుడే కదా వెళ్ళొచ్చానంటే, మళ్ళీ వెళ్ళినా తప్పులేదంటుంది. మతిమరుపు మొదలైందా అని భయపడి, ఆయన పాత సంగతులు అడిగి పరీక్ష పెట్టాడు. ఆయన మర్చిపోయినవి కూడా ఆవిడ చెప్పింది. పోనీ గోడల రంగు నచ్చలేదా అంటే బాగుందంది. కడ్డీ మీద అలిగిందేమో, ఇన్నాళ్ళూ నేను చేసిన సేవ ఇనుప ముక్కకి పోయిందని కష్టపెట్టుకుందేమో అనుకుని, నీ చెయ్యే బాగుండేదోయ్ అని బుజ్జగించబోయాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వంటింట్లోకి తిరిగిపోయింది. ఆయన బుర్ర గోక్కున్నాడు. కూతురికి ఫోను చేస్తే, అమ్మకి కొత్త ఇల్లు అలవాటు కావాలి నాన్నా, కొన్నాళ్ళు పోనీ అంది.

ఈ గందరగోళం చాలదన్నట్టు గోడ మీద మరకలు మొదలయ్యాయి. మీగడ రంగు వేసిన కొత్త గోడ. కడ్డీకి జానెడు కిందగా, నడవ పొడుగునా మాసిన జిడ్డు చార. వడ్రంగి మనుషుల పనే అనుకుని, వాళ్ళని నాలుగు తిట్టి, తడిగుడ్డతో తుడిచాడు. నాలుగు రోజుల్లో చార మళ్ళీ వచ్చింది. ఆయన మెడలోంచి టేపు తీసి కొలిచాడు. ఎక్కడ కొలిచినా ఒకటే ఎత్తు, సుద్దదారం కొట్టినట్టు. ఎవరిదో చెయ్యి. తనది కాదు, తన చెయ్యి కడ్డీ మీద ఉంటుంది. భార్యదా అని లెక్క వేశాడు. ఆవిడ భుజం ఎత్తు ఆయనకి తెలుసు, చెయ్యి పొడుగు తెలుసు. ఆ కొలతల ప్రకారం ఆవిడ చెయ్యి ఇంత కింద ఆనదు. కాబట్టి ఆవిడ కాదు. మరి ఈ ఇంట్లో మూడో మనిషి ఎవరు? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఒక మధ్యాహ్నం మిషను మీద వంగి సూదిలోకి దారం ఎక్కిస్తుంటే, తెరిచి ఉన్న తలుపులోంచి నడవ కనిపించింది. వంటింట్లోంచి ఆవిడ వస్తోంది. ఆయన పిలవబోయి ఆగిపోయాడు. ఆవిడ నడుస్తున్నది కాళ్ళతో కాదు, గోడతో. కుడి అరచెయ్యి గోడకి పూర్తిగా ఆనించి, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేస్తోంది. కడ్డీ ఆవిడ ఛాతీ ఎత్తున ఉంది. ఒకసారి చెయ్యి పైకెత్తి దాన్ని పట్టుకుంది. బరువు మోపబోతే మోచెయ్యి నిలవలేదు, వదిలేసింది. మళ్ళీ అరచెయ్యి ఆ చార మీదికే దిగింది.

స్నానాలగది తలుపు దగ్గర గోడ ఆగిపోయింది. మునుపు అక్కడ గడప, దానికి పాత దార్బందం, పట్టుకోవడానికి చెక్క ఉండేవి. ఇప్పుడు వెడల్పు చేసిన ఖాళీ. ఆవిడ ఆ ఖాళీ ముందు ఏటి ఒడ్డున నిలబడ్డట్టు నిలబడిపోయింది. కాసేపు అవతలి గోడకేసి చూసింది. తరవాత ముందుగది వైపు తిరిగి, గొంతు మామూలుగా చేసుకుని పిలిచింది.

"ఏవండీ, స్నానాలగదికి వెళ్తారా? రండి, చెయ్యి పట్టుకుంటాను. మీరు పడతారేమో."

టేపు తాతయ్య చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఏడాదంతా ఈ నడవలో ఎవరు ఎవరిని నడిపించారో ఆయనకి అప్పుడు తెలిసింది. కుంటివాడిని కదా అని తాను ఆనుకున్న చెయ్యి, తననే ఆనుకుని నిలబడింది. పడితే ఇల్లు పోతుందని, మిషను పోతుందని, ఆవిడ కాళ్ళ సంగతి కడుపులోనే దాచుకుంది. తనేమో కడ్డీ వేయించుకుని ఆ ఒక్క ఆసరా కూడా లాగేశాడు.

"వస్తున్నా," అన్నాడు. వెళ్ళి చెయ్యి అందించాడు. అవసరం లేకపోయినా స్నానాలగదిలోకి వెళ్ళి, ఊరికే నిలబడి, కుళాయి తిప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిపించి, కడ్డీ జానెడు కిందికి దించమన్నాడు, తలుపు పక్కన అటూ ఇటూ నిలువు కడ్డీలు పెట్టమన్నాడు. అలా దించితే నడుం వంచి నడవాలి కదా తాతగారూ, మీరు గీసిన గీతేగా అని వడ్రంగి నసిగాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"కొలత తప్పాను," అన్నాడు తాతయ్య. "ముసలితనం. కుంగిపోయాను."

అరవై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. కింద పడ్డా పైచెయ్యి నాదే అనే మనిషి. వడ్రంగి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఎంత చూసినా తాతయ్య తాడిచెట్టులా నిటారుగానే ఉన్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు. కడ్డీ దించుతున్నంతసేపూ అక్కడే ఉండి చూసింది.

సాయంత్రానికి పని అయిపోయింది. ఆయన నడుం వంచుకుని కడ్డీ పట్టుకుని ముందుగదికి వచ్చి కూర్చున్నాడు. వెన్ను అప్పుడే పీకుతోంది. కాసేపటికి వంటింటి వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది, మధ్యలో ఆగకుండా. ఆవిడ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలో టీ గ్లాసుతో వచ్చింది. గ్లాసు మిషను మీద పెట్టి, ఆయన ఎదురుగా నిలబడింది.

"నా గౌన్లు నేలకి రాసుకుంటున్నాయి," అంది. "ఆ పాత ఆది పారెయ్యండి. ఒంటి మీద కొలవండి."

ఆయన లేచి మెడలోంచి టేపు తీశాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడింది, ఆ చేతిలో బరువెంతో దాచకుండా. దుకాణం రోజుల్లో ఆయన అంకె పైకి చెప్పేవాడు, ఆవిడ పక్కన కూర్చుని చీటీ మీద రాసేది. ఇప్పుడు భుజం నుంచి మడమదాకా టేపు జారవిడిచి, వంగి అంకె చూసి, ఆయన టేపు చుట్టెయ్యబోయాడు.

"ఎంత?"

"యాభై నాలుగు," అన్నాడు. అది పాత కొలత.

"సరిగ్గా చెప్పండి," అంది ఆవిడ. "ఆ పాత అంకె రాసింది నేనే కదా."

ఆయన ఇంకోసారి టేపు పట్టాడు. జీవితంలో మొదటిసారి ఒకే కొలతని రెండుసార్లు తీశాడు.

"యాభై ఒకటి," అన్నాడు.

ఆవిడ తల ఊపి, ఆయన భుజం మీది చెయ్యి తియ్యకుండా, టీ చల్లారిపోతోంది తాగండి అంది.