పావురం రంగు రేకు

నేను ఒక రేకు ముక్కను. అరచేతి కంటే కాస్త పెద్దగా ఉంటాను. ఇళ్ళ పైకప్పులకు వేసే రంగు రేకులకు నమూనాను. నా కింద ఎవరూ తలదాచుకోరు. నన్ను తట్టి, గోకి, ఎండకు పట్టి చూసి, చివరికి నా అన్నదమ్ములను కొనుక్కుపోతారు. పెళ్ళిచూపులకు ముందు ఇంటింటికీ తిరిగే ఫొటో లాంటి బతుకు నాది.

పుట్టుక మాత్రం ఘనమైనదే. ఉక్కును పల్చగా సాగదీసి, కరిగిన అల్యూమినియం, జింకుల్లో ముంచి తీశారు. పైన రంగు పూసి వేడి గదిలో కాల్చారు. రోలర్ల మధ్య నుంచి తోస్తే ఒంటికి వరుసగా గట్లు తేలాయి. ఇంత సంస్కారం జరిగాక ఏ మేడ మీదో కూర్చోబెడతారనుకున్నాను. ఒక కత్తెర మిషను వచ్చి నన్ను చివరి నుంచి కోసేసింది. కాకినాడలో ఒక షోరూములో, మిగతా రంగుల ముక్కలతో కలిసి గొలుసుకు వేలాడాను. కంపెనీవాళ్ళు నా రంగుకు ఏదో నోరు తిరగని పేరు పెట్టారు. చూసినవాళ్ళు మాత్రం పావురం రంగు అనేవాళ్ళు, అదే ఖాయమైపోయింది.

అక్కడ నాకు మనుషుల గురించి బాగా తెలిసొచ్చింది. రేకులు కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా రేకులను తిట్టడంతో మొదలుపెడతారు. వేడి అంటారు, చప్పుడు అంటారు, గాలికి ఎగిరిపోతాయంటారు. అంతా అనేసి, మంచినీళ్ళు తాగి, ఇటుక రంగు ఉందా అని అడుగుతారు.

హైమవతి అలా రాలేదు. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సముద్రపు గాలి తగిలే చోట స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకుంటోంది. కూడా వచ్చిన కూతురు ప్రణవి ఆర్కిటెక్టు. బొమ్మ గీసింది ఆ అమ్మాయే. ఏటవాలు పైకప్పు, ఎత్తయిన హాలు, ముందు పొడుగాటి వసారా. ఉప్పుగాలికి సున్నాలూ రంగులూ పెచ్చులూడిపోతాయని సముద్రం వైపు గోడకు కూడా రేకులే తొడగమంది.

"గోడక్కూడా రేకులేంటమ్మా? దారినపోయేవాళ్ళు గోడౌననుకుని లారీ ఆపేస్తారు," అన్నాడు హైమవతి భర్త గంగాధరం. ఆయనకు ఇటుక రంగు కావాలి. దూరం నుంచి పెంకుటిల్లులా కనబడితే చాలని ఆయన ఆశ.

హైమవతి ఆ మాటలేవీ చెవిన పెట్టలేదు. గొలుసు నుంచి నన్ను పట్టుకుని వేలితో టకటకా తట్టి, తల పక్కకు వంచి వింది. నా జన్మలో నన్ను రంగు కోసం కాక చప్పుడు కోసం చూసిన మొదటి మనిషి ఆవిడే.

"ఆయ్, చప్పుడు గురించి బెంగెట్టుకోకండమ్మా," అన్నాడు షోరూమాయన. "రేకు కింద దూది పరుపులాంటిది పరిచేస్తాం. పైన వడగళ్ళు పడినా కింద మీకు తెలీదండి."

"అదేంటండీ, వాన పడితే తెలియొద్దా? చప్పుడు కొంచెం వినబడాలి," అంది హైమవతి.

చప్పుడు తగ్గించమని అడిగేవాళ్ళే తప్ప ఉంచమని అడిగినవాళ్ళను షోరూమాయన చూసి ఉండడు. చివరికి ప్రణవే మధ్యే మార్గం చెప్పింది. హాలుకూ గదులకూ పరుపు, వసారాకు ఉత్త రేకు. రంగు విషయంలో కూడా, లేతగా ఉంటే ఎండ తక్కువ పీలుస్తుందని నా వైపే మొగ్గింది. గంగాధరం ఇటుక రంగు ముక్కను ఒకసారి ఆప్యాయంగా నిమిరి వదిలేశాడు. అక్కడితో అయిపోవలసిన కథే. కానీ హైమవతి నన్ను గొలుసు నుంచి విప్పించి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"మా అన్నయ్యకి చూపించి తెస్తానండి," అంది.

ఎందుకు చూపించాలో మర్నాడు తెలిసింది. అన్నయ్య పేరు పేర్రాజు. పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. అమ్మానాన్నా లేని హైమవతికి పుట్టిల్లంటే ఆయనే. వీళ్ళలో గృహప్రవేశానికి ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఆ చీర కట్టుకునే పీటల మీద కూర్చోవాలి. వేరే చీరలు బీరువా నిండా ఉన్నా ఆ రోజుకు అవి పనికిరావు.

పేర్రాజు నన్ను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు.

"జగన్నాథపురంలో మనం రేకులింట్లో పెరిగాం. నీకు శ్లాబు ఇల్లున్న సంబంధమే చెయ్యాలని ఎన్ని గడపలెక్కానో నీకు తెలుసు. ఇప్పుడు నీ చేతులతో నువ్వే రేకులేసుకుంటావా? నలుగురూ ఏవంటారే?"

"అవి వేరు అన్నయ్యా, ఇవి వేరు. నాకు ఆ చప్పుడంటే ఇష్టం. చిన్నప్పుడు వాన పడుతుంటే ఎంత హాయిగా నిద్రపట్టేదో. మళ్ళీ అలాంటి నిద్ర ఎప్పుడూ పట్టలేదు."

ఈసారి పేర్రాజు కోపంగా కాదు, అలసటగా అన్నాడు.

"నువ్వు నిద్రపోయావు కాబట్టి నీకు హాయిగా ఉంది హైమా. నాన్న లాంచీ మీద ఉండేవాడు. అమ్మకి ఆయాసం. ఎక్కడ కారితే అక్కడ గిన్నె పెట్టి, నీ పక్కని ఇటూ అటూ జరుపుతూ కూర్చునేది నేను. ఆ చప్పుడు మొదలైతే నాకిప్పటికీ కన్ను మూతపడదు. ఆ ఇంటికి చీర పట్టుకుని నేను రాలేను."

హైమవతి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఒకే కప్పు కింద ఆ ఇద్దరూ రెండు వేర్వేరు చిన్నతనాలు గడిపారు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. నన్ను టీపాయి మీదే మరిచిపోయింది.

అలా నేను శత్రువు చేతికి చిక్కాను. పేర్రాజు నన్ను పారేస్తాడనుకున్నాను. ఆయన అంతకంటే మొండివాడు. బీచికి వెళ్ళి డబ్బాతో సముద్రపు నీళ్ళు తెచ్చి, ప్లాస్టిక్ మగ్గులో పోసి, నన్ను అందులో ముంచాడు. రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని నన్ను బయటకు తీసి చూసేవాడు. తుప్పు పడితే నన్ను తీసుకెళ్ళి చెల్లెలికి చూపించి, ఇల్లు శ్లాబుకు మార్పిద్దామని ఆయన ఎత్తు. మేకుతో గీశాడు. మళ్ళీ ముంచాడు. రోజురోజుకూ ఆయన ముఖంలో పెరిగే నిరాశ చూస్తే నాకే జాలేసింది, ఏ మూలనో కాస్త తుప్పు పట్టి పాపం ఆయన్ను సంతోషపెడితే బావుండుననిపించింది. పట్టలేదు. నేనేం చేయను?

ఈలోగా అక్కడ ఇల్లు లేచింది. నా అన్నదమ్ములు కప్పెక్కారు. కొత్త రేకు మీద గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారు, బిగించగానే పీకేయాలి. పనివాళ్ళు పీకబోతే గంగాధరం గగ్గోలు పెట్టాడట.

"ఆగండాగండి! గృహప్రవేశం దాకా ఉండనివ్వండి. కొత్తది కొత్తగా ఉంటుంది."

ఆయన ఇంట్లో టీవీ రిమోటు కవరులో ఉంటుంది. కారు సీట్ల మీద కంపెనీ పాలిథీను ఇంకా చిరగలేదు. ఫ్రిజ్జు కొన్న రోజు అంటించి ఉన్న స్టిక్కరు ఫ్రిజ్జుతో పాటే ముసలిదైంది. అలాంటి మనిషి కప్పును ఊరికే వదులుతాడా? ప్రణవి ఊళ్ళో లేదు. రోహిణి కార్తె ఎండలు కాశాయి. పొర రేకుకు కరుచుకుపోయి, పెళుసెక్కి, ముక్కలు ముక్కలుగా చిరిగింది. సముద్రపు గాలికి ఆ పేలికలు కప్పంతా రెపరెపలాడాయి. గృహప్రవేశం దగ్గర పడింది.

పేర్రాజు ఒక పొద్దున నన్ను చొక్కా జేబులో వేసుకుని స్కూటరు తీశాడు. అటువైపు పనుందని భార్యతో చెప్పాడు. అటువైపు ఆయనకు పనేమీ లేదు. ఇల్లు కనబడగానే బండి ఆపేశాడు. ఆ పేలికల కప్పులో, గోనెపట్టాలు కప్పుకున్న జగన్నాథపురం ఇల్లే ఆయనకు కనబడి ఉంటుంది.

లోపలి నుంచి హైమవతి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వన్నట్టే నలుగురూ అనేలా అయింది అన్నయ్యా. చూడు ఎలా ఉందో," అంది.

పేర్రాజు నన్ను జేబులోంచి తీసి కప్పు వైపు పట్టుకుని చూశాడు, నా వంక, ఆ పేలికల వంక. "రేకుకేం కాలేదే. ఆ పొర కింద ఇలాగే ఉంటాది," అన్నాడు. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందా అని ఆయనే తెల్లబోయాడు. తర్వాత బకెట్లో గోరువెచ్చటి సబ్బునీళ్ళు కలపమని చెప్పి, పంచె ఎగగట్టి, గోడవారగా ఉన్న నిచ్చెన ఎక్కేశాడు.

"అన్నయ్యా, ఈ వయసులో ఏంటిది? దిగు!"

"రేకుల మీద తారు పూసి పెరిగినోణ్ణి. నువ్వు నోరుమూసుకుని నీళ్ళందించు."

తడిపి, నానబెట్టి, పాత ప్లాస్టిక్ స్కేలుతో మెల్లగా లేపుతూ ఆ పూటంతా పీకాడు. గంగాధరం నిచ్చెన పట్టుకున్నాడు. పైనుంచి మాటల వాతలు పడుతూనే ఉన్నాయి.

"రిమోటుకి కవరు, సోఫాకి కవరు. ఆఖరికి ఇంటికే కవరేశారు కదండీ బావగారూ! మా చెల్లి ఒక్కతే మిగిలిపోయింది."

"ఇంక చాలు బావగారూ, బుద్ధొచ్చింది," అన్నాడు గంగాధరం నిచ్చెన వదలకుండా.

పీకే వంకతో పేర్రాజు ప్రతి అతుకూ తడిమాడు. స్క్రూల కింద రబ్బరు వాషర్లను నొక్కి చూశాడు. కన్నం దొరుకుతుందేమోనని వెతికాడు. పగ ఉన్నవాడు చూసినంత శ్రద్ధగా ఇంజనీర్లు కూడా చూడరు. కిందికి దిగేసరికి మాడు కాలిపోయి, మోకాళ్ళు పట్టేసి, ఓడిపోయిన మనిషిలా ఉన్నాడు. కానీ ముఖం తేటగా ఉంది.

"చీర తియ్యడానికి రేపు మీ వదినొస్తాది. ఏ రంగు కావాలో చెప్పు."

"ఏదైనా పర్లేదు అన్నయ్యా," అంది హైమవతి.

"రేకు రంగుకి ఊరంతా తిరిగావు. చీరకి ఏదైనా పర్లేదా?" అని కసిరి, స్కూటరెక్కుతూ వెనక్కి తిరిగాడు. "వస్తాను గానీ భోంచేసి వెళ్ళిపోతాను. వానొస్తే ఆ చప్పుడులో నేనుండలేను."

అన్నట్టే వచ్చాడు. చిలకాకుపచ్చ చీర తెచ్చాడు. హైమవతి అది కట్టుకుని పీటల మీద కూర్చుంది. పాలు పొంగాయి. గంగాధరం బంధువులందరికీ కప్పు చూపించి, పావురం రంగు తన ఎంపికేనని చెప్పుకున్నాడు. నేను పేర్రాజు జేబులోనే ఉన్నాను. నన్ను తిరిగి ఇవ్వమని షోరూమాయన అడగలేదు, ఇవ్వాలని ఈయనకూ తోచలేదు. నా గీతలూ ఉప్పు మరకలూ చూస్తే ఇక ఏ ఇంటికీ నన్ను నమూనాగా పంపలేరు. నాకు దిగులేమీ లేదు. నచ్చినవాళ్ళ కంటే నచ్చనివాళ్ళే మనల్ని క్షుణ్ణంగా చదువుతారని, అలా చదివించుకోవడంలోనూ ఒక సుఖం ఉందని ఆ మగ్గులో తెలుసుకున్నాను.

భోజనాలయ్యాయి. పేర్రాజు చెప్పుల కోసం వసారాలోకి వచ్చాడు. అప్పుడే ఆకాశం నల్లబడి, తొలకరి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఉత్త రేకు కదా, వసారా అంతా మోతెక్కిపోయింది. ఆయన చెప్పులు వదిలేసి గభాల్న తలెత్తాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మూలలు చూశాడు. బల్ల మీద ఉన్న ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు, తీసుకున్నట్టు ఆయనకే తెలియలేదు. పెట్టడానికి చోటు దొరకలేదు. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని మడత మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి వాలాడు. ఇంకాసేపటికి గురక వినబడింది.

హైమవతి వచ్చి చూసింది. గిన్నె మెల్లగా తీసేసింది. హాల్లో గోల చేస్తున్నవాళ్ళను వేలితో సైగ చేసి ఆపింది. ఆ చప్పుడంటే అంత ఇష్టమైన మనిషి ఆ వానలో కన్ను మూయలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, అన్నయ్య తలపైన ఉన్న రేకుల వంకే చూస్తూ, వాన వెలిసేదాకా కూర్చుంది.