అడుగుమెట్టు మూలుగు

బుట్ట గంట మోగిందంటే మూడో అంతస్తుకి ఏదో సరుకు వచ్చిందని అర్థం. ఆ ఇంటి మెట్లు కొయ్యవి. సరిగ్గా ఒక మనిషి పట్టేంత వెడల్పు, పైగా రెండు మలుపులు. సరుకుల సంచీ కావచ్చు, గ్యాస్ సిలిండర్ కావచ్చు, మంచం పట్టీలు కావచ్చు, ఏదైనా మెట్ల మీద మోసుకెళ్ళే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. మూడో అంతస్తు కిటికీ మీద ఒక గిలక, దానికి తాడు, తాడుకి బుట్ట. కింద సరుకు పెట్టి తాడు గుంజితే పైన గంట మోగుతుంది. పైవాళ్ళు లాక్కుంటారు.

దర్జీకి బట్టలు వచ్చేదీ పోయేదీ ఆ బుట్టలోనే. ఆమె కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కిటికీ పక్కనే మిషను. ఆ భారీ ఒంటితో మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి, ఒక భుజం గోడకి ఆనించి, ఒక్కొక్క కాలే దింపుకుంటూ రావాలి. ఆమె దిగుతుంటే ఇంకెవరూ ఎక్కడానికి ఉండేది కాదు. అందుకని తప్పనిసరైతే తప్ప దిగేది కాదు.

పొట్టను కుదించే ఆపరేషన్ అయ్యాక ఆ గంటకి రెండో ఉద్యోగం వచ్చింది. ఇచ్చింది అత్తయ్య. కోడలి ఒంట్లో కొత్తగా ఏది జరిగినా గంట కొట్టేది.

రెండో అంతస్తు టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టేది. "ఇవాళేమిటండీ?"

"తువ్వాలు చుట్టూ తిరిగొచ్చి కొసకి కొస అందిందమ్మా!"

"అత్తయ్యా, పరువు తీయకండి," అని దర్జీ లోపల్నుంచి అరిచేది.

"పరువుకేం? అది కూడా సన్నబడింది."

ఇంకో రోజు, "కాలు మీద కాలేసుకుని కూర్చుంది!"

"ఎవరి ముందండీ?"

"నా ముందే!"

నిలబడి వంగకుండానే తన కాలివేళ్ళు తాను చూసుకున్న రోజు గంట మోగింది. చేతుల కుర్చీలోంచి లేస్తే కుర్చీ వెంట రాని రోజు మోగింది. బస్సులో పక్క సీటులో ఒక పెద్దమనిషి తనంతట తాను వచ్చి కూర్చున్న రోజు రెండుసార్లు మోగింది. దర్జీ సంతోషం పట్టలేక దారి పొడుగునా ఆయన్ని చూసి నవ్వుతూనే ఉందట. పాపం, ఆయన ఒక స్టాపు ముందే దిగిపోయాడు.

భర్త లిఫ్టులు బాగుచేసే పనిమీద ఊరంతా తిరుగుతాడు. ఊళ్ళో వాళ్ళందరికీ లిఫ్టులు, ఇంట్లోవాళ్ళకి మెట్లు. ఆసుపత్రిలో తూకం వేయించుకుని వచ్చిన సాయంత్రం అతను లెక్కేసి చెప్పాడు. "అచ్చంగా మా అమ్మంత మనిషి తగ్గిపోయిందోయ్."

"నేనింకా ఇక్కడే ఉన్నానురా," అంది అత్తయ్య మంచం మీదనుంచి.

అందరూ నవ్వారు. దర్జీ కూడా నవ్వింది కానీ చేతిలో జాకెట్టు కుట్టు విప్పుతూనే ఉంది. తన బట్టలన్నీ తనే బిగించుకుంటోంది. బిగిస్తోందే కానీ కత్తిరించడం లేదు. ఎక్కువైన గుడ్డంతా లోపలికి మడిచి కుట్టేస్తోంది, చంటిపిల్లల గౌన్లకి వదిలినట్టు. చంటిపిల్లలైతే ఎదుగుతారని వదులుతారు. ఈమె ఎందుకు వదులుతోందో అత్తయ్య అడగలేదు. జబ్బల దగ్గర మడతలు దళసరిగా పేరుకుని చేతులు పైకెత్తితే ఒరుసుకునేవి. ఒరుసుకున్నప్పుడల్లా, ఇంకా ఉంది, గుడ్డ ఇంకా ఉంది, అనుకుని కుదుటపడేది.

ఇక అడుగుమెట్టు సంగతి.

వీధి గుమ్మానికి పక్కనే ఉన్న అట్టడుగు మెట్టు కాలు పెడితే మూలుగుతుంది. పాత కొయ్య ఏదైనా మూలుగుతుంది కానీ, ఇది మనిషికి ఇప్పుడున్న బరువుకి కాదు, రాబోయే బరువుకి మూలుగుతుంది. టీచరమ్మ మూడోసారి నీళ్ళోసుకున్న సంగతి ఆవిడకంటే ముందు మెట్టుకి తెలిసింది. కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయనకి బొజ్జ వస్తుందని, అది రాకముందే చెప్పింది. మొదటి అంతస్తులో ఉండే రిటైరైన గుమాస్తా ఒకరోజు పాల కోసం దిగితే మెట్టు అసలు కిక్కురుమనలేదు. ఆయన కాసేపు దాని మీదే నిలబడి, వెనక్కి ఎక్కి, అలమారు సర్దుకుని, పూలకుండీలకి నీళ్ళు పోసే పని టీచరమ్మకి అప్పగించాడు. ఆ వారంలోనే పోయాడు. మెట్టు మాటంటే ఆ ఇంట్లో వాళ్ళకి గడియారం గంట కొట్టినట్టే. నమ్మడం నమ్మకపోవడం అనే ప్రశ్నే లేదు.

ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు దర్జీ మూడంతస్తులూ పక్కకి తిరిగి దిగి, ఆయాసంతో ఆ మెట్టు మీద కాలు పెడితే, అది కాలేజీ పిల్ల దిగినట్టు చిన్నగా కిచ్‌మంది. గడియారాలాయన కంటికున్న అద్దం పైకెత్తి, "వెళ్ళిరామ్మా, సన్నగా వస్తావు," అన్నాడు. ఆ ధైర్యంతోనే ఆసుపత్రి బల్ల మీద పడుకుంది.

ఏడాది దాటింది. ఒకరోజు పొద్దున కుట్టిన ప్యాంటు చేతిలో పట్టుకుని, బుట్టలో దింపకుండా తానే ఇచ్చొద్దామని చకచకా దిగింది. అడుగుమెట్టు మీద కాలు మోపింది.

మెట్టు మూలిగింది. పాత మూలుగు. కడుపులోంచి మొదలై గోడ దాకా పాకే పొడుగాటి మూలుగు. ఇరవై ఏళ్ళు విన్న మూలుగు.

గడియారాలాయన అద్దం పైకెత్తాడు. ఆమెని చూశాడు. మళ్ళీ అద్దం దించుకున్నాడు. ఆ అద్దం దించుకోవడమే ఆమెకి గుండెల్లో దిగింది.

ఆ రోజు నుంచి తిండి పాపమైపోయింది. డాక్టరు చెప్పిన గుప్పెడు ముద్దలో సగం, సగంలో సగం. పాలలో కలుపుకుని తాగమన్న పొడిని కలిపేది, సింకులో పోసేది. దువ్వెన నిండా జుట్టు. సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళు వణికేవి. అద్దం ముందు నిలబడితే నడుం దగ్గర కొవ్వు అప్పుడే వచ్చేసిందేమోనని గిల్లి చూసుకునేది. అడుగుమెట్టు మీద కాలు పెట్టడం మానేసింది. పై మెట్టు నుంచి నేరుగా గచ్చు మీదకి దూకేది. మెట్టుకి ఇంకోసారి చెప్పే అవకాశం ఇవ్వకూడదని.

"ఏమిటోయ్, సంగతి?" అని భర్త అడిగితే, "ఏం లేదండీ, కళ్ళు తిరిగాయి," అంది. చెప్పాలనే ఉంది. కానీ చెబితే అతను కూడా నమ్ముతాడు. అదే ఆమె భయం.

అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి ఏళ్ళయింది. ఇంట్లో మాత్రం చేతికర్రతో చప్పుడు కాకుండా తిరిగేది.

"అమ్మాయ్, సింకుకి కూడా నీరసంగా ఉందా? బలానికి పాలు పట్టిస్తున్నావు?"

దర్జీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. తర్వాత మొత్తం చెప్పేసింది.

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. మెట్టు పొరపాటు పడిందేమో అని ఆవిడ అనలేదు. ఆ ఇంట్లో ఎవరూ అనరు.

"పాత మూలుగేనా? సరిగ్గా విన్నావా?"

"ఆ గొంతు నాకు తెలీదా అత్తయ్యా."

"అయితే వస్తుంది. నువ్వు మాడినా వస్తుంది, తిన్నా వస్తుంది. దేనితో వస్తుందో మెట్టు చెప్పిందా?"

"చెప్పలేదు."

"మరి? వచ్చేది ఎలాగూ వస్తుంది. మోయడానికి కాళ్ళైనా ఉండాలి కదా? ఇలా పుల్లల్లా ఎండబెట్టుకుంటే, వచ్చిన రోజున కింద పడతావు. తిను. తిని మెట్లెక్కి దిగు."

భయం పోలేదు. కానీ వణికే చేతులతో కుట్టలేక విసిగిపోయి ఉంది, అందుకని అత్తయ్య మాట విన్నది. గుప్పెడు తినేది, గ్లాసు తాగేది, మెట్లెక్కి దిగేది. మిషను మీద పని ఆపి దిగి ఎక్కేది, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఒకసారి దిగొచ్చేది. "మా ఇంట్లో ఫ్యాను ఊగిపోతోందండీ," అని టీచరమ్మ మొత్తుకుంది. పిక్కలు గట్టిపడ్డాయి, ఆయాసం తగ్గింది. అయినా ప్రతి పొద్దునా కళ్ళు తెరవగానే మొదట తడుముకునేది నడుమే. అడుగుమెట్టుని దూకడం మాత్రం మానలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె రెండో మలుపు దగ్గర ఉండగా పైన బుట్ట గంట మోగింది. ఒకే ఒక్కసారి, ఈడ్చినట్టు.

"ఇవాళేమిటండీ?" టీచరమ్మ గొంతు.

జవాబు లేదు.

ఆ రోజు ఒంట్లో కొత్త సంగతేమీ లేదని దర్జీకి తెలుసు. పరిగెత్తింది. అత్తయ్య కిటికీకి జారగిలబడి ఉంది. చేతిలో తాడు అలాగే ఉంది. మొహమంతా చెమట, పెదాలు పాలిపోయాయి. రెండో చెయ్యి రొమ్ము మీద.

"ఏనుగు కూర్చున్నట్టుందే," అంది.

భర్తకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏ లిఫ్టు గుంటలో ఉన్నాడో. అంబులెన్స్ వీధి మొగదాకా వచ్చింది. దాంతో వచ్చిన ఇద్దరూ స్ట్రెచర్ పట్టుకుని మొదటి మలుపు దాకా ఎక్కారు, తిప్పారు, నిలబెట్టారు. అది తిరగలేదు. కుర్చీలో దింపుదామంటే ముందొకడు వెనకొకడు పట్టుకుంటే మలుపు దగ్గర కుర్చీ కూడా తిరగదు.

"బుట్టలో దించేద్దాం!" కిందనుంచి గడియారాలాయన అరిచాడు.

"నేనేమన్నా సిలిండర్‌నా?" అంది అత్తయ్య. గొంతు పైకి రావడం లేదు.

దర్జీ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని వీపు చూపించింది. "ఎక్కండి."

"నువ్వా?"

"ఈ బరువు నాకు అలవాటే అత్తయ్యా. రండి."

అత్తయ్య చేతులు మెడ చుట్టూ వేసింది. దర్జీ లేచింది. లేవగానే ఒళ్ళు గుర్తుపట్టింది. నడుం మీద పడే లాగుడు, మడమల్లో దిగే భారం, ఊపిరి రెండు ముక్కలవడం, అన్నీ పాతవే. ఈ మెట్ల మీద ఇంత బరువుతో ఎలా దిగాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పక్కకి తిరిగింది. ఒక భుజం గోడకి ఆనించింది. ఒక్కొక్క కాలే దింపింది. మలుపు దగ్గర ముందు తుంటి, తర్వాత భుజం. ముందు నడుస్తున్న అంబులెన్స్ కుర్రాడు, "జాగ్రత్తమ్మా, ఆగమ్మా," అంటూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో కూడా ఆమెకి తెలుసు.

చివరికి అడుగుమెట్టు వచ్చింది. వీపు మీద మనిషి ఉంటే దూకడం కుదరదు.

కాలు పెట్టింది.

మెట్టు మూలిగింది. కడుపులోంచి మొదలై గోడ దాకా.

గడియారాలాయన అద్దం కంటికి పెట్టుకునే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. అత్తయ్య ఆమె చెవి దగ్గర, "ఇదేనా?" అంది.

"ఇదే," అంది దర్జీ. అని వీధిలోకి నడిచింది.

సమయానికి తెచ్చారని ఆసుపత్రిలో అన్నారు. గుండెకి రక్తం వెళ్ళే దారిలో అడ్డు తీసేసి, కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు.

ఇంటికి తెచ్చిన రోజు భర్త గిలకకి లిఫ్టు తాళ్ళు బిగించి, బుట్ట పక్కనే ఒక కుర్చీ కట్టి సిద్ధంగా ఉంచాడు. అత్తయ్య దానివైపు చూడనైనా లేదు.

"ముందు నన్ను మెట్టెక్కనీరా. తర్వాత నీ ఇష్టం."

ఎందుకో అందరికీ తెలుసు. టీచరమ్మ పూలకుండీ దగ్గర నీళ్ళ చెంబు పట్టుకుని ఆగిపోయింది. గడియారాలాయన చేతిలో గడియారం కింద పెట్టేశాడు. దర్జీ అత్తయ్య మోచెయ్యి పట్టుకుంది. అత్తయ్య కర్ర ఆనించి, ఒక కాలు పెట్టి, రెండో కాలు కూడా పెట్టి నిలబడింది.

చప్పుడు లేదు.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

అప్పుడు మూలిగింది. బద్ధకంగా, చిరాగ్గా, మధ్యాహ్నం నిద్రలో లేపినట్టు. బక్కపలచని ముసలావిడకి ఎంత మూలగాలో అంతే.

"చచ్చు మెట్టు, ఆలోచించి మరీ చెప్పింది," అంది అత్తయ్య. "పద."

కుర్చీ సంగతి వదిలేసి భర్త తల్లిని వీపున ఎత్తుకున్నాడు. మొదటి మలుపు దగ్గరే రొప్పుతూ ఆగాడు.

"మీ ఆవిడ ఎక్కడా ఆగలేదురా," అని వీపు మీదనుంచి వినబడింది.

ఆ సాయంత్రం దర్జీ తన జాకెట్లన్నీ తెచ్చి మిషను పక్కన పోసుకుంది. కత్తెర తీసుకుంది. రేపు తను లావెక్కదని మెట్టు రాసివ్వలేదు. అత్తయ్యని ఎత్తుకుని దిగే రోజు తానెంత మోయాలో అది ముందే చెప్పింది, అంతే. అంతకుమించి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చేతులు పైకెత్తి చూసుకుంది. జబ్బల దగ్గర మడతలు ఒరుసుకున్నాయి.

కుట్టు విప్పింది. లోపల మడిచిన గుడ్డని అంచు వెంబడి కత్తిరించింది. తర్వాత ఇంకో జాకెట్టు, ఆ తర్వాత ఇంకోటి. గుడ్డ పేలికలు ఒళ్ళో పోగుపడ్డాయి. అవన్నీ బుట్టలో వేసింది.

అత్తయ్య మంచం మీదనుంచే చెయ్యి చాచి తాడు గుంజింది.

"ఇవాళేమిటండీ?" టీచరమ్మ తల బయటికొచ్చింది.

అత్తయ్య కోడలివైపు చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఏం లేదమ్మా, చెత్త," అంది అత్తయ్య. "కిందికి పంపిస్తున్నాం."