మచ్చ చుట్టూ సిరాగీత

ఆ ఇంటి వెనకున్న మొక్కల షెడ్డు ఇద్దరు తోడికోడళ్ల చేతిలో ఉండేది. పెంచేది చిన్నకోడలు, అమ్మేది పెద్దకోడలు. షెడ్డు నిండా కండపట్టిన ఆకుల సక్యులెంట్లే. అరచేతిలో పట్టే కుండీలో తామరపువ్వులా విచ్చుకునేవి కొన్ని, గులకరాళ్లలా ముడుచుకుని కూర్చునేవి కొన్ని, కలబందకి చుట్టాలు కొన్ని. పెద్దకోడలు నోరు విప్పిందంటే వట్టి చేతులతో వెనక్కి వెళ్లినవాళ్లు లేరు. చిన్నకోడలికి మాత్రం నోట్లో నాలుక లేదని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లు. వరసల మధ్య తలొంచుకుని తిరుగుతుందని పెద్దకోడలే ఆమెకు ‘చీమ’ అని పేరు పెట్టింది. అలా పిలిచినప్పుడల్లా చిన్నకోడలు నవ్వి ఊరుకునేది. నవ్వొచ్చి కాదు, నవ్వితే మాట్లాడే పని తప్పుతుందని.

వేసవి మొదట్లో పెద్దకోడలు షెడ్డు పైకప్పు కింద తుంపర గొట్టాలు పెట్టించింది. సాయంత్రం జనం వచ్చే వేళకు కుళాయి తిప్పితే మొక్కలన్నిటి మీదా సన్నగా నీళ్లు పడేవి. ఆకుల మీద చుక్కలు మెరుస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆగదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు. జనం పెరిగారు. దానితోపాటు బల్లల మీద కుండీలూ పెరిగాయి. పది పట్టే చోట పదిహేను ఒకదాన్నొకటి రాసుకుంటూ కూర్చున్నాయి.

నెల తిరిగేసరికి ఎడమవైపు బల్ల మీద తామరపువ్వు రకానికి మచ్చలు కనిపించాయి. మొదట సూదితో పొడిచినంత, తర్వాత మిరియపు గింజంత. నల్లగా, మధ్యలో గుంటపడి, చుట్టూ పసుపు అంచుతో. చిన్నకోడలు తీసుకెళ్లి చూపిస్తే, పెద్దకోడలు చూసీ చూడనట్టు చూసి, ఎండదెబ్బ అని తేల్చేసింది.

చిన్నకోడలికి ఆ మాట మింగుడుపడలేదు. ఎండదెబ్బయితే ఎండ తగిలే పై ఆకులు మాడాలి. లేత గోధుమ రంగులో పొరకట్టి అక్కడితో ఆగాలి. ఇవి నీడవైపు ఆకుల మీదా ఉన్నాయి. నీళ్లెక్కువై కుళ్లితే ఆకు మెత్తబడి, ముట్టుకోగానే ఊడొస్తుంది. ఇవి గట్టిగానే ఉన్నాయి. నీళ్లలోని ఉప్పు పేరుకున్నదైతే తెల్లగా ఉంటుంది, తడిగుడ్డకి పోతుంది. ఇవి ఎంత తుడిచినా పోలేదు. ఇక మిగిలింది బూజు జాతి తెగులొక్కటే. ఖాయం చేసుకోవడానికి ఆమె ఒక పని చేసింది. ఇరవై కుండీలు తీసుకుని, కుండీకొక మచ్చ చొప్పున ఎంచి, అంచుని ఆనుకుని చెరగని సిరాతో సన్నటి గీత గీసింది. మాడిన మచ్చ గీత దాటదు. తెగులైతే దాటుతుంది.

ఐదో రోజు పొద్దున్నే ముఖమైనా కడుక్కోకుండా షెడ్డులోకి పరుగెత్తింది. ఇరవై కుండీల్లో ఒకటి కనబడలేదు. మిగిలిన పంతొమ్మిదిలో పదహారు మచ్చలు గీత దాటి ఉన్నాయి. పక్క వరసలో కొత్తవి పుట్టుకొచ్చాయి.

తడి ఆకుల మీదే తెగులు బతుకుతోందని, చుక్క చిందిన చోటల్లా అంటుకుంటోందని, వెంటనే తుంపర ఆపాలని పెద్దకోడలికి చెప్పింది. ఆవిడ చెవిన పెట్టలేదు.

“ఆకుల మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చోకు, చీమా. మచ్చలున్న వైపు గోడకి తిప్పి పెట్టు. ఎవరూ చూడరు.”

చిన్నకోడలు ఒక్క కుండీ కూడా తిప్పలేదు.

ఆ సాయంత్రమే బస్సు కండక్టరు వచ్చాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. ఒంటరి మనిషి. గదిలో కిటికీ దగ్గర ఏదో ఒకటి పచ్చగా ఉండాలని అంతకుముందు రెండుసార్లు కొన్నాడు, రెండూ చచ్చిపోయాయి. మూడోదాన్ని కొని నాలుగు రోజులు కాలేదు. దాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టుకుని, ఏదో నేరం చేసినవాడిలా తెచ్చి బల్ల మీద ఉంచాడు. పెద్దకోడలు ఒక్కసారి తొంగిచూసి మాట అందుకుంది. నీళ్లు పోసి పోసి చంపేస్తున్నారంది. ఇవి అందరి చేతికీ అచ్చిరావంది. ఈసారి ప్లాస్టిక్‌వి కొనుక్కోమని కూడా అంది. కొనడానికొచ్చిన నలుగురూ నవ్వారు. కండక్టరు కూడా వాళ్లతోపాటు నవ్వబోయాడు గానీ ముఖం సహకరించలేదు. చెంచాతో కొలిచే పోస్తున్నానని, బహుశా తన చెయ్యే అలాంటిదేమోనని గొణిగాడు.

చిన్నకోడలు వెనక నుంచి వచ్చి అట్టపెట్టెలో వేలు పెట్టింది. మట్టి పొడిపొడిగా ఉంది. మొక్కని తిప్పి చూసింది. ఒక ఆకు మీద సన్నటి సిరాగీత, దాన్ని దాటి అవతలికి పాకిన నల్లమచ్చ. కనబడకుండా పోయిన ఇరవయ్యో కుండీ అది. నోరు దానంతటదే తెరుచుకుంది.

“తప్పు మీది కాదండీ. ఈ గీత నేను గీసిందే. మీరు కొనేటప్పటికే దీనికి తెగులుంది. ఇది మా షెడ్డులోంచే వచ్చింది.”

పైనుంచి తుంపర పడుతూనే ఉంది. పెద్దకోడలి ముఖం కందగడ్డయింది.

“లోపలికి పద,” అంది పళ్ల బిగువున.

“వెళ్లనక్కా.”

అని, గోడ దగ్గరికి వెళ్లి కుళాయి కట్టేసి, దాని పిడి ఊడబీకి కొంగున ముడేసుకుంది. మచ్చలున్న బల్ల చూపించి, వీటిలో ఒక్కటి కూడా కొనొద్దని వచ్చినవాళ్లకు చెప్పింది. కండక్టరు మొక్కని తనే ఉంచుకుంటానని, బాగుచేసి ఇస్తానని, అది బతక్కపోతే తెగులు సోకని మరొకటి ఇస్తానని మాటిచ్చింది. ఆయన టికెట్లు కొట్టే చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ పూట ఇంట్లో పెద్ద పంచాయతీ జరిగింది. పెద్దకోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. మోసం చేయాలని కాదని, ఇంతమందికి అన్నం పెడుతున్న షెడ్డు మూతపడుతుందన్న భయమని అంది. అది అబద్ధం కాదని చిన్నకోడలికీ తెలుసు. భర్త ఆమెను పక్కకి పిలిచి, పోనీ తప్పయిందని ఒక్క ముక్క అనేస్తే గొడవ వదులుతుంది కదా అన్నాడు. అత్తగారు సూటిగా, ఇంటి పరువు నలుగురిలో తీశావు అంది.

“పరువు పోయింది ఆ కండక్టరుగారిది అత్తయ్యా. జబ్బు మనది, తిట్లు ఆయనకి. మచ్చ గురించి అడిగితే ఎన్నిసార్లయినా చెబుతాను. తప్పయిందని మాత్రం అనను.”

ముసలావిడ కోడలిని ఎగాదిగా చూసి, ఇన్నాళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావే అని మాత్రం అడిగింది.

మర్నాటి నుంచి చిన్నకోడలు ఎవరి అనుమతీ అడగలేదు. మచ్చలున్న కుండీలన్నిటినీ విడిగా పాత స్నానాలగదిలోకి చేర్చింది. ఆకుకోసారి బ్లేడుని స్పిరిటుతో తుడుస్తూ, మచ్చపడిన ఆకుల్ని మొదలంటా కోసి సంచిలో కట్టి పారేసింది. మధ్య మొగ్గదాకా పాకినవాటిని కుండీ మట్టితో సహా వదులుకుంది. బూజు తెగుళ్లకి కొట్టే రాగి మందు కలిపి ముందు ఒకే ఒక్క మొక్క మీద కొట్టి రెండు రోజులు ఆగింది. ఆకుల మీద సహజంగా ఉండే బూడిదలాంటి పూత కొంచెం చెదిరింది గానీ మొక్కకి ఏమీ కాలేదు. అప్పుడు ఎండ దిగాక మిగతావాటికి కొట్టింది. నీళ్లు పొద్దుటి పూట, ఆకు తడవకుండా, కింది పళ్లెంలో పోసింది. షెడ్డుకి రెండు వైపులా కట్టిన ప్లాస్టిక్ పట్టాలు ఎత్తి గాలి ఆడనిచ్చింది. ఖాళీ అయిన బల్ల మీద, ‘మొక్కలకి తెగులు వచ్చింది. మందు వేస్తున్నాం. తగ్గేదాకా అమ్మం’ అని అట్ట మీద రాసి నిలబెట్టింది. పెద్దకోడలు దాన్ని బోర్లా పెట్టేది. చిన్నకోడలు నిలబెట్టేది. వారం రోజులు ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అదొక్కటే.

మూడు వారాలకి లెక్క తేలింది. మూడో వంతు మొక్కలు పోయాయి. మిగిలినవాటికి లేత ఆకులు శుభ్రంగా వచ్చాయి. కండక్టరు మొక్క బతికింది గానీ ఐదాకులతో పిట్టంత అయ్యింది. వేరేది ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. దాన్నే అట్టపెట్టెలో పట్టుకెళ్లాడు, ఈసారి తలెత్తుకుని.

ఆ వారమే ఒకావిడ వచ్చి, తెగులు మొక్కలుంటే సగానికి ఇచ్చేయమని పెద్దకోడలితో బేరానికి దిగింది. అమ్మేవి కావని చెప్పినా వదల్లేదు.

“రాసింది కనబడటం లేదా అమ్మా? అమ్మం అంటే అమ్మం,” అంది పెద్దకోడలు.

ఆవిడ వెళ్లాక తోడికోడలి వైపు తిరిగి మూతి ముడిచింది.

“నీ మూలంగా ఇంకో బేరం పోయింది.”

“పోనీ అక్కా,” అంటూ చిన్నకోడలు కుడివైపు బల్ల మీది కుండీల్ని ఒకదాన్నొకటి రాసుకోకుండా ఎడంగా జరపసాగింది.