పేర్లు పెట్టే పని

ఆదివారం పొద్దున్నే అక్క మొగుడు, బావ, ఫోన్ చేసి, "ఇంట్లో ఒక శుభకార్యం పెట్టుకున్నాం, నువ్వు లేకపోతే జరగదు" అన్నాడు. చెల్లెలు కంగారుపడి, తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా బయల్దేరింది. తీరా వెళ్ళి చూస్తే ఆ శుభకార్యం కారుకి పేరు పెట్టడం.

బావ పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం నోళ్ళు ఆయన చేతిమీదుగా బాగుపడ్డాయి గానీ, ఆయన నోరు మాత్రం ఏనాడూ మూతపడిన పాపాన పోలేదు. అక్కని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ ఆయనకి ఏదో ఒక పిచ్చి పట్టడం, అది వదిలేలోగా ఇంకోటి పట్టడం మామూలైపోయింది. మొదట చేపలు పెంచాడు. అవి ఒకదాన్నొకటి తినేశాయి. తర్వాత సాక్సఫోన్ కొన్నాడు, దాని దెబ్బకి పక్కవాటాలో వాళ్ళు ఇల్లు మారిపోయారు. ఆ తర్వాత నక్షత్రాలు చూస్తానని టెలిస్కోపు తెచ్చి, ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు తప్ప ఇంకేమీ చూడలేకపోయాడు. ఇప్పుడు కారు.

అది ఆయన పుట్టకముందే తయారైన స్పోర్ట్స్ కారు. ముదురు ఎరుపు, రెండే సీట్లు, పైన టాపు లేదు. నేలని అంటిపెట్టుకున్నట్టుండే దాంట్లోకి దిగాలంటే ముందు కాళ్ళు పంపి, వాటి వెనకాల నడుముని బతిమాలి తీసుకెళ్ళాలి. బయటికి రావాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. బావ ఆ కారు ముందరి జాలీని మెత్తటి గుడ్డతో, సందు సందునా వేలు పెట్టి తుడుస్తున్నాడు. పేషెంటు నోట్లో కూడా అంత శ్రద్ధ చూపించడని చెల్లెలి నమ్మకం.

"పాత కార్ల సంఘంలో చేరాను. అక్కడ ప్రతి కారుకీ ముద్దుపేరు ఉంటుంది. వచ్చే ఆదివారమే ప్రదర్శన. మన దానికి ఇంకా పేరు లేదు, అనాథలా ఉంది" అన్నాడు బావ.

చెల్లెలిది ప్రకటనల కంపెనీలో ఉద్యోగం. సబ్బులకీ, బిస్కెట్లకీ, గోడల రంగులకీ పేర్లు పెట్టడమే ఆమె పని. బంధువుల్లో ఎవరూ దాన్ని ఒక పని కింద లెక్కవేసేవారు కాదు, ఏదైనా ఊరికే కావలసి వచ్చినప్పుడు తప్ప.

"నేను కొన్ని అనుకున్నాను" అని బావ గొంతు సవరించుకున్నాడు. "అగ్నికన్య. వజ్రనేత్రి. ఉగ్రసింహిక."

"ఇవి కారు పేర్లా బావగారూ, లేకపోతే రాక్షసుడి చెల్లెళ్ళ పేర్లా?"

గరాజులో స్టూలు మీద కూర్చుని బడి పిల్లల లెక్కల పేపర్లు దిద్దుకుంటున్న అక్క తల ఎత్తకుండానే, "కానివ్వండి, మొదలెట్టారు ఇద్దరూ" అంది.

బావ ఏమాత్రం నొచ్చుకోలేదు. అదే చెల్లెలికి ఒళ్ళు మండే విషయం. ఎంత పుల్లవిరుపుగా మాట్లాడినా ఆ మనిషికి ఎక్కడా గుచ్చుకోదు. "అందుకేగా నిన్ను పిలిచింది! హుందాగా ఉండాలి. ఆడపిల్ల పేరులా ఉండాలి. విన్నవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి."

"ఒకసారి స్టార్ట్ చెయ్యండి. గొంతు విని పెడతాను."

బావ ఒళ్ళు కుదించుకుని లోపలికి దిగి తాళం తిప్పాడు. కారు దగ్గింది, మూలిగింది, ఏదో చెప్పబోయి మానేసినట్టు ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు.

"దీనికి పొద్దున పూట కాస్త బద్ధకం" అన్నాడు బావ, కూతుర్ని వెనకేసుకొచ్చే తండ్రిలా.

"నిశ్చల" అంది చెల్లెలు.

అక్క చేతిలో ఎర్రపెన్ను ఆగింది. బావ కళ్ళు మూసుకుని, ఆ పేరుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిశ్చల... నిశ్చల. అంటే, ఎంత స్పీడులో పోయినా తొణకదు, బెణకదు అన్నమాట!"

"అంతే బావగారూ."

"చూశావా, అదీ బుర్రంటే!" అన్నాడు అక్క వైపు తిరిగి. అక్క చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ పేపర్లలో తలదూర్చింది.

ఆ వారమంతా చెల్లెలు ఆఫీసులో ఈ కథే చెప్పింది. ఆయన ఆ పేరుని ఇత్తడి పలక మీద చెక్కిస్తున్నాడని చెప్పినప్పుడు పక్కసీటు ఆయనకి టీ పొలమారింది. బావ లాంటి మనుషులకి ఇలా తప్ప బుద్ధి రాదని, అయినా రాదని ఆమె తీర్మానం. అంత నెమ్మదైన అక్క, అంత తెలివైన అక్క, ఈ వాగుడుకాయతో ఎలా వేగుతోందో ఆమెకి ఎప్పుడూ అంతుపట్టేది కాదు. జాలి కూడా వేసేది. ఆ జాలిలో అక్క మీద కూడా కాస్త చులకన ఉందని మాత్రం ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ప్రదర్శన ఆటల మైదానంలో. పాత కార్లు వరసగా నిలబడ్డాయి. మండే ఎండలో తోలు గ్లవుజులు, ఉన్ని టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, ఎవరి బానెట్టు దగ్గర వాళ్ళు, బిడ్డని ఎవరైనా ఎత్తుకుంటారేమోనని కాపలా కాస్తున్నట్టు నిలబడ్డారు. పలకల మీద పేర్లు: మెరుపు, మహారాణి, చిరుత. ఇంతమంది వెర్రివాళ్ళని ఒకేచోట చూడడం చెల్లెలికి అదే మొదలు. బావ వీళ్ళందరిలో కలిసిపోయాడనీ, కాకపోతే అందరికంటే ఎక్కువ మాట్లాడుతున్నాడనీ గమనించింది.

ఒక్కో కారూ మైదానం చుట్టూ ఒక రౌండు వేసి రావాలి. మైకు పట్టుకున్నాయన పిలుస్తున్నాడు. "తర్వాతి కారు, నిశ్చల!" అని ఒక్క క్షణం ఆగాడు. "అంటే... కదలనిది అని కదండీ డాక్టరుగారూ?"

జనం గొల్లుమన్నారు. బావ తాళం తిప్పాడు. కారు పేరు నిలబెట్టుకుంది. నవ్వు రెట్టింపైంది.

వారం నుంచీ చెల్లెలు ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే. కానీ అనుకున్నంత రుచిగా లేదు. వెనక నుంచి చూస్తే టోపీ కింద బావ మెడ కందిపోయి ఉంది. మళ్ళీ మళ్ళీ తాళం తిప్పుతున్నాడు.

అక్క తన హ్యాండ్‌బ్యాగు చెల్లెలి భుజానికి తగిలించింది. చెప్పులు విడిచింది. వెళ్ళి కారు వెనక చేతులు ఆనించి, "బొమ్మలా నిలబడ్డావేంటే? వచ్చి తొయ్యి" అంది.

ఇద్దరూ తోశారు. అందరూ చూస్తున్నారు.

"ఆ పేరుకి అర్థం నాకు ఆ రోజే తెలుసు" అంది అక్క, రొప్పుతూ.

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? చిన్నప్పటి నుంచీ నీకు పేర్లు పెట్టడమే పని. ఆఫీసులో జీతానికి పెడతావు, మా ఇంటికొచ్చి ఊరికే పెడతావు."

"ఆయన చేసే పనులు అలా ఉంటాయి మరి."

"ఉంటాయి. నాకు తెలీదా? నాకు నవ్వొస్తుంది, నవ్వుకుంటాను. నీకెందుకే అంత మంట?"

అంతలో కారు ఒక్క ఉదుటున అరిచి, ఇద్దరి మొహాల మీదా నల్లటి పొగ కొట్టి దూసుకుపోయింది.

రౌండు పూర్తిచేసి బావ వాళ్ళ దగ్గరికొచ్చాడు గానీ ఆగలేదు. "ఆపితే మళ్ళీ లేవదు!" అని అరుస్తూ ముందుకెళ్ళిపోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు, "అర్థం నాకు తెలుసు మరదలా!" అన్నాడు.

"ఏమన్నారు?" అంది చెల్లెలు.

"తెలుసట" అంది అక్క.

బావ మాట ఎప్పుడు ముగుస్తుందా అని కాకుండా, ఎప్పుడు మళ్ళీ మొదలవుతుందా అని చెల్లెలు ఎదురుచూడడం జన్మలో అదే మొదటిసారి. ఎర్రకారు మూల తిరిగి వచ్చేదాకా ఆమె కదల్లేదు. "మరెందుకు ఉంచారూ?" అని గొంతు చించుకుని అడిగింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదని సైగ చేస్తూ వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకా గట్టిగా అరిచింది. జవాబు ఆ పై రౌండులో వచ్చింది.

"అది నిజంగానే కదలదుగా! దొంగపేరు ఎందుకూ?"

అని, ఉన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

ఆ తర్వాతి రౌండుకి కారు నెమ్మదించింది. అక్క పక్కనే పరిగెత్తి, తలుపు మీదుగా తలకిందులుగా లోపలికి పడింది. కాసేపు పాదాలు మాత్రమే కనిపించాయి. తర్వాత తల లేచింది, జుట్టంతా రేగి. అక్క అంత గట్టిగా నవ్వగలదని చెల్లెలికి తెలీదు.

మూడో సీటు లేదు. చెల్లెలు అక్క చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది.

తోలు గ్లవుజుల మనిషి ఒకాయన పక్కకి వచ్చి, "ప్రదర్శనంతా అభాసుపాలు చేశాడండీ ఆ డాక్టరు. పాత ఇనుముకి పేరొకటి! ఎవడు పెట్టాడో గానీ" అన్నాడు.

చెల్లెలు ఆయన్ని టోపీ నుంచి బూట్ల దాకా చూసింది. "నేనే. ఆయన మా బావ. మీ కారు పేరేంటండీ?"

"మెరుపు" అన్నాడాయన, ఛాతీ ముందుకు పెట్టి.

"మెరుపా? మరుగుదొడ్డి కడిగే మందుకి పెడదామనుకుని, మరీ నాసిగా ఉందని వదిలేశామండీ దాన్ని."

ఆయన ఏదో అనబోయేలోగా మైదానం అవతలి కొసన కారు పెద్దగా దగ్గి ఆగిపోయింది. బావ చేతులూపుతూ ఇటువైపు చూసి ఏదో అరుస్తున్నాడు. అంత దూరం నుంచి ఒక్క ముక్క వినపడటం లేదు. వినపడినా పనికొచ్చే మాట అయ్యుండదు. చెల్లెలు కుర్తా చేతులు పైకి మడుచుకుని, గడ్డిలోంచి అడ్డంగా అటు నడిచింది.