సాసోన్ కూర్చోవలసిన గంట

ఆ ఉదయం ఆకాశానికి రంగు తప్పింది. తూర్పు నుంచి ఎడారి గాలి దుమ్మును మోసుకొచ్చి కొండల మీద పరిచేసింది. సూర్యుడు లేచాడో లేదో తెలియలేదు. మాసిన ఇత్తడి పళ్ళెం లాంటిదేదో హెర్మోను కొండ పక్కన వేలాడుతూ ఉంది. ఇలాంటి గాలి వీచే రోజున తోటలో కుక్కలు కూడా ఒకచోట పడుకోవు. సాసోన్ అయితే ఏ గాలీ లేకపోయినా అంతే, మూడేళ్ళ నుంచి.

అతను ట్రాక్టర్‌ని నిలబడే నడుపుతాడు. వంటింటి గట్టు దగ్గర నిలబడే తింటాడు. ప్రార్థన మందిరంలో అందరూ బల్లల మీద కూర్చున్నప్పుడు వెనక గోడకు ఆనుకుని ఉంటాడు, కాసేపాగి ఆ గోడనీ వదిలి గుమ్మంలోకి వెళ్తాడు. పడుకోవడం పడుకుంటాడు, అదీ నరికిన చెట్టు పడ్డట్టు. కూర్చోవడమే చేతకాదు. కుర్చీ మీదకు వంగేసరికి మోకాళ్ళ కింద చీమలు పాకుతాయి, ఎవరో చంకల్లో చేతులేసి పైకి లాగినట్టుంటుంది.

"వీడి ట్రాక్టర్ అమ్మకానికి పెడితే కొత్తదని నమ్మించొచ్చు, సీటు నలగలేదు" అని పొరుగింటి మురాద్ అనేవాడు. మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత మురాద్ కూడా ఆ మాట మానేశాడు.

ఆపిల్ వరసల్లో సాసోన్ రాలిన కాయలను కాలితో పక్కకు తోస్తూ ఉంటే భార్య అస్మర్ తలగుడ్డ గాలికి ఎగరకుండా పట్టుకుని వచ్చింది.

"రేపు పొద్దున్నే మనవడి సున్నతి. నువ్వే వాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలని హదాస్ మళ్ళీ అడిగింది."

"అల్లుడి తండ్రి ఉన్నాడుగా. ఆయన ఒళ్ళో పెట్టుకుంటాడు."

"ఆయనకేం, పిలిస్తే ఇప్పుడే దిండు పట్టుకుని వస్తాడు. నీ కూతురికి ఇష్టం లేదు."

"నేను నిలబడి పట్టుకుంటానని చెప్పు."

"నిలబడి ఊగేవాడి చేతుల్లో ఉన్న పసిగుడ్డుకి కత్తి పెడతారా? నీకు మతుందా?" అస్మర్ గొంతు తగ్గించింది. "విను. తమ్ముడి పేరు పెట్టాలని దాని ఆశ. మా నాన్న ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటేనే నిసీమ్ అని పెడతాను, లేకపోతే వేరే పేరు పెట్టేస్తాను అంటోంది. తాత దూరంగా తిరుగుతూ ఉంటే ఆ పేరు పెట్టి వాడిని రోజూ ఎలా పిలవను అంటోంది."

సాసోన్ ఇంకో రాలిన కాయను కాలితో తోశాడు. అస్మర్ కాసేపు చూసి వెళ్ళిపోయింది. అతను వరస చివరికి నడిచాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ నడిచాడు.

నిసీమ్ అతని కొడుకు. మూడేళ్ళ కిందట పస్కా పండుగ మొదలయ్యే రాత్రికి ముందురోజు సరిహద్దు అవతలి నుంచి వచ్చిన రాకెట్ ఒకటి కాయలు దాచే షెడ్డు మీద పడింది. నిసీమ్ లోపల ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం పూడ్చారు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, సాసోన్ నేల మీద కూర్చున్నాడు. దగ్గరివాళ్ళు పోతే ఏడు రోజులు అలా కూర్చుని దుఃఖించాలి. కానీ పొద్దు గుంకితే పండుగ. పండుగ వస్తే ఆ ఏడు రోజులూ రద్దయిపోతాయి. శాస్త్రం అంతే, దాన్ని ఎవరూ మార్చలేరు. గంట కూడా కాకుండానే లేవమన్నారు. లేచాడు. స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పస్కా బల్ల దగ్గర పండుగ కథంతా చదివాడు, ఎప్పటిలాగే. చదువుతున్నంతసేపూ నిలబడే ఉన్నాడని ఆ రాత్రి ఎవరూ పట్టించుకోలేదు.

తిర్సా వచ్చేసరికి గాలి ఇంకా పెరిగింది. ఆమె థెరపిస్టు. సరిహద్దు ఊళ్ళలో మనుషుల మనసులు బాగుచేయమని ప్రాంతీయ మండలి పంపిన అమ్మాయి. మొదటిసారి మండలి ఆఫీసులో ఆమె అన్న మొదటి మాట "కూర్చోండి". సాసోన్ వెనక్కి తిరిగి బయటికి నడిచేశాడు. రెండోసారి ఆమే బూట్లు వేసుకుని తోటకు వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరూ వరసల మధ్య నడుస్తారు. ఆమె ఎక్కువ అడగదు.

"ఈ పూట కాళ్ళెలా ఉన్నాయి?" అని మాత్రం అంటుంది.

"బూట్లలో ఉన్నాయి" అంటాడు సాసోన్.

ఈ రోజు అదీ అడగలేదు. చాలా దూరం నడిచాక అతనే అన్నాడు.

"నీకు తెలుసా రేపటి సంగతి."

"అస్మరమ్మ చెప్పారు."

"ఏదైనా మందుంటే ఇయ్యి. ఒక్క పూటకి. కాళ్ళు మొద్దుబారేది."

"అలాంటిది నా దగ్గర లేదు మావయ్యా." తిర్సా కళ్ళలో పడ్డ దుమ్ము తుడుచుకుంది. "మొదటి రోజు మీ దగ్గర నేనే తప్పుచేశాను. దుఃఖంలో ఉన్నవాళ్ళ ఇంటికెళ్ళి ముందుగా నోరు తెరవకూడదని మా నాయనమ్మ చిన్నప్పుడే నేర్పింది. వాళ్ళు మాట్లాడేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. పెద్ద చదువులు చదివి అది మర్చిపోయి, కూర్చోండి అనేశాను."

"నేను దుఃఖంలో లేను. అది పండుగతో అయిపోయింది."

"అవును, అయిపోయింది" అని ఆమె ఇంకొంచెం నడిచింది. "రబ్బీ ఇంట్లో ఉంటారా ఈ వేళప్పుడు?"

ఊరి మతగురువు రబ్బీ జకర్యా తన ఇంటి ముందు నిచ్చెన ఎక్కి, నీడ కోసం కట్టి గాలికి చిరిగిన వలను తాడుతో కడుతున్నాడు. తిర్సా కింద నిలబడి మాట మొదలుపెట్టింది. సాసోన్ కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతూ విన్నాడు.

"ఏడు రోజులు ఇప్పుడు మళ్ళీ కూర్చుంటాడా?" నిచ్చెన మీద నుంచి రబ్బీ అన్నాడు. "కుదరదమ్మా. పండుగ తీసేసిన దుఃఖాన్ని మనం తెచ్చుకోకూడదు. చచ్చినవాళ్ళకు మనం ఇచ్చేదానికి ఒక కొలత ఉంది. అంతకు మించి ఏడవకూడదు."

"ఏడు రోజులు నేను అడగలేదు. చావు కబురు చాలా ఆలస్యంగా అందినవాడు ఎంతసేపు కూర్చోవాలి?"

"నెల దాటాక వింటే ఒక్క గంట. చెప్పులు విప్పి కూర్చుని లేస్తాడు. అది వేరు. వీడికి కబురు ఆలస్యంగా అందలేదు. కొడుకుని వీడే మోశాడు, నేను చూశాను."

"మోశాడు. ఆ కబురు విన్నాడా?"

రబ్బీ తాడు ముడి దగ్గర చేతులాపాడు. కింద కంచె పక్కన తిరుగుతున్న సాసోన్ వైపు చూశాడు. సాసోన్ చూపు తిప్పుకున్నాడు.

"ఈ అమ్మాయి ఎవరి మనవరాలు?" అన్నాడు రబ్బీ.

"అమాదియా గోర్జీ మనవరాలిని."

"అనుకున్నాను. ఆవిడా ఇంతే, ఒప్పుకునేదాకా వదిలేది కాదు." అతను మళ్ళీ తాడు లాగాడు. "శాస్త్రం ఒప్పుతుందా అని నన్ను అడిగితే కాదంటాను. అడక్కుండా పిలిస్తే వస్తాను. మురాద్‌కి కూడా చెప్పు."

మధ్యాహ్నం వాలాక అస్మర్ ముందు గదిలో కుర్చీలన్నీ గోడకు జరిపింది. వీధి తలుపు బార్లా తెరిచి రాయి అడ్డం పెట్టింది, వచ్చేవాళ్ళు తట్టనక్కరలేకుండా. సాసోన్ గుమ్మంలో నిలబడి బూట్ల తాళ్ళు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. గాలి గదిలోకి దుమ్మును తోస్తోంది. లోపలి గదిలో పసివాడు ఏడుస్తున్నాడు, హదాస్ జోకొడుతోంది.

తిర్సా అప్పటికే గోడ వారగా నేల మీద కూర్చుని ఉంది. కూర్చోమని అనలేదు. అతని వైపు చూడనైనా లేదు.

సాసోన్ గోడ పట్టుకుని దిగాడు. నేల చల్లగా తగిలింది. మోకాళ్ళ కింద చీమలు లేచాయి. ఊపిరి పీల్చుకునేలోపే లేచి నిలబడ్డాడు. కిటికీ దాకా వెళ్ళాడు. తిరిగొచ్చాడు. ఎవరూ ఆపలేదు.

రబ్బీ వచ్చాడు. మురాద్ వచ్చాడు, తలుపు దగ్గర తడబడి, నోటికొచ్చిన పలకరింపును మింగేశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ పెదవి కదపలేదు. నిలబడి ఉన్నవాడు సాసోన్ ఒక్కడే.

అతను మళ్ళీ దిగాడు. చంకల్లో చేతులు పడ్డట్టే అనిపించింది. ఈసారి ఆ చేతులు ఎవరివో చూడాలని తల తిప్పాడు. కుడిపక్కన మురాద్ ఉన్నాడు, తన చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుని. ఆ రోజు కుడిచంకలో చేయి వేసింది మురాదే. ఎడమవైపు వేసింది రబ్బీ. లేవరా, పండుగొచ్చింది అన్నాడు రబ్బీ ఆ రోజు. ఇవాళ ఏమీ అనడం లేదు.

సాసోన్ కాళ్ళు దగ్గరకు లాక్కున్నాడు. సగం లేచి, అక్కడే ఆగి, మళ్ళీ నేలకు దిగాడు. అరచేతులు నేలకు అదిమిపెట్టాడు. అలా ఎంతసేపున్నాడో. బయట రేకు ఒకటి గాలికి కొట్టుకుంటూనే ఉంది.

"మీరు లేవమన్నారు" అన్నాడు చివరికి.

అరచేతి కింది దుమ్మును ఒక పక్కకు తుడిచాడు.

"లేవమనగానే నాకు..." అతను ఆగాడు. "నాకు సంతోషమైంది. కొడుకుని మట్టిలో పెట్టి గంట కాలేదు. హమ్మయ్య, ఇక కూర్చోనక్కర్లేదు, ఏడు రోజులు వాడి గురించి వినక్కర్లేదు అనుకున్నాను. ఎగిరి లేచాను. మీరు లాగక్కర్లేకుండానే లేచాను. ఏ తండ్రి లేస్తాడలా?"

లోపల హదాస్ జోకొట్టడం ఆగిపోయింది. అస్మర్ వంటింటి గుమ్మంలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇప్పుడు అతను మాట్లాడాడు కాబట్టి వాళ్ళూ మాట్లాడవచ్చు. అయినా తిర్సా నోరు విప్పలేదు. మురాద్ నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఒరే సాసోన్. మాకూ అయిందిరా."

"ఏమైంది?"

"సంతోషం. నీకేం చెప్పాలో మాకు తెలిస్తేగా. ఏడు రోజులు నీ ఎదురుగా ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలిరా అని దారంతా దడే. పొద్దు గుంకుతోంది అనగానే మా ఆవిడతో అన్నాను, దేవుడు గట్టెక్కించాడే అని. అందుకే అంత గట్టిగా లాగాను. నీ చంక కమిలిపోయి ఉంటుంది."

రబ్బీ గడ్డంలో వేళ్ళు పోనిచ్చి కూర్చున్నాడు. "ఇంకా వెలుగుంది అప్పటికి" అన్నాడు మెల్లగా. "కొంచెంసేపు కూర్చోనియ్యవచ్చు. నేనే తొందరపెట్టాను."

సాసోన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతని భుజాలు ముందుకు వాలాయి. ఏడుపు వచ్చింది, శబ్దం లేకుండా, ముక్కు కారుతూ, పిల్లల ఏడుపులా చూడ్డానికి బాగోని ఏడుపు. ఎవరూ ఓదార్చలేదు. అది అయ్యేదాకా ఉన్నారు. తర్వాత అతనే నిసీమ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి పడమటి వరస చెట్లంటే చిరాకు అని, కాయ కోసేటప్పుడు తొడిమ విరగ్గొట్టేవాడని, ఎన్నిసార్లు తిట్టినా వినేవాడు కాదని. మురాద్ ఒక అబద్ధం కలిపాడు. సాసోన్ కాదన్నాడు.

అస్మర్ పెద్ద ఖాళీ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. మురాద్ భార్య కాయధాన్యాల పులుసు, గుండ్రటి రొట్టెలు తెచ్చింది. దుఃఖంలో కూర్చున్నవాడు తన ఇంటి వంట తినకూడదు కదా అని ఎవరూ అనలేదు, ఆమె తెచ్చేసింది. హదాస్ పిల్లాడిని ఎత్తుకుని వచ్చింది. రొట్టెలు పంచడానికి ఇంకో రెండు చేతులు కావాలి.

"నాన్నా, కొంచెం పట్టుకో" అని వాడిని సాసోన్ ఒళ్ళో పెట్టేసి వెళ్ళింది.

బరువు తొడల మీద పడింది. చీమలు పోలేదు, అక్కడే ఉన్నాయి. కానీ వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు, లేవడానికి వీల్లేదు. సాసోన్ ఎడమచేయి వాడి తల కింద పెట్టాడు. కుడిచేత్తో రొట్టె తుంచి పులుసులో ముంచాడు. రేపటి మాట హదాస్ అడగలేదు. అతనూ ఎత్తలేదు.

తిర్సా ముందుకు జరిగి ఒక రొట్టె తీసుకుంది. రబ్బీ తినడం మొదలుపెట్టాడు. గాలి తలుపులోంచి వచ్చి పులుసు మీద దుమ్ము చల్లుతూనే ఉంది. దుమ్ముతోనే తిన్నారు, ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ.