వెదురు బొంగుల్లో కాపురాలు

“ఏమిటే, ఆ గడ్డికి పేలు చూస్తున్నావా?” అని అత్తగారు కిటికీలోంచి అడిగే సమయానికి, ఆమె బట్టల బకెట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, కెమెరా మీట మీద వేలు ఆనించి ఉంది. నొక్కింది. గోరంత తేనెటీగ ఒకటి, తన ఒంటికి మించిన ఆకుముక్కను పొట్టకింద ఇరికించుకుని, పాత పందిరి వెదురు బొంగు కొనలో దూరుతూ బొమ్మలో చిక్కింది. “బట్టలు ఆరేస్తున్నాను అత్తయ్యా,” అని ఆమె ఎప్పటిలాగే అబద్ధమాడింది.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. కూతురు కొత్తది కొనుక్కుని వదిలేసిన కెమెరా, ఇంటిపనుల నడుమ దొరికే సందులు, ఇవే గురువులు. పాలు కాగేలోపు తేనెపిట్ట రెండుసార్లు వచ్చిపోతుందని, బట్టల మిషను ఆఖరి విడత తిరిగే పదకొండు నిమిషాల్లో తూనీగ ఒకే పుల్ల మీదికి ఏడెనిమిదిసార్లు తిరిగి వస్తుందని ఆమెకు తెలుసు. పెరట్లో ఆ నాలుగు బారల నేలలో తమంతట తాము మొలిచిన పూలమొక్కలను ఆమె పీకలేదు, అంతే. గులాబీ ఆకులకు గుండ్రటి కన్నాలు పడుతున్నాయని భర్త పురుగుమందు తెచ్చినప్పుడు, ఆ డబ్బాను అటకెక్కించి, అడిగితే కనబడలేదంది. చుట్టాలు వస్తే ఆయన పెరటి తలుపు మూసేవాడు. “మా ఆవిడకు ఓపిక తగ్గింది, పెరడు అడవైపోయింది,” అని నవ్వేవాడు. ముప్పై ఏళ్ళు మూడు పూటలా వండి, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసి, ఆయన చొక్కా గుండీ ఒక్కటీ ఊడనివ్వని మనిషి ఓపిక గురించి ఆ మాట. ఆ మాటకన్నా, దానికి చుట్టాలతోపాటు తానూ నవ్వడమే ఆమెను ఎక్కువ బాధించేది.

ఆ ఉదయం పలహారం దగ్గర ఆయన, “పెరట్లో బండలు పరిపించి, పైన రేకులు వేయిస్తున్నాను. కారుకు నీడ కావాలి. మేస్త్రీ ఇప్పుడు వస్తాడు,” అన్నాడు. నన్నొక మాట అడగలేదేమని ఆమె అంటే, “అడగడానికేముంది? నీకూ ఊడ్చే బాధ తప్పుతుంది,” అని చెయ్యి కడుక్కున్నాడు.

మేస్త్రీ వచ్చి, నూలుతాడు తీసి, పందిరి గుంజ మీద చెయ్యి వేశాడు. “సార్, ముందిది పీకేస్తే గానీ కొలత కుదరదు.”

“పీకొద్దు మేస్త్రీ,” అంది ఆమె, గుంజకు అడ్డంగా నిలబడి. “ఈ బొంగుల్లో కాపురాలున్నాయి.”

“ఎవరివట?” భర్త నవ్వాడు.

ఆమె కెమెరాలో బొమ్మలు ఒక్కొక్కటే మేస్త్రీకి చూపించింది. ఆడ ఈగ ఒక్కతే ఆకు కత్తిరించి తెస్తుందని, ఆ ముక్కలతో అరలు కట్టి, పుప్పొడి కూర్చి, గుడ్డు పెట్టి, బొంగు నోరు మూసేస్తుందని చెప్పింది.

“మరి మగది ఏం చేస్తుందమ్మా?”

“ఎండ ఎక్కేదాకా పడుకుంటుంది. తరువాత పూల చుట్టూ తిరుగుతుంది.”

మేస్త్రీ పెదవి కొరుక్కుని సారు వైపు చూడకుండా తాడు సర్దుకున్నాడు.

“కారు ఎండలో మాడుతుంటే ఈగలకు మేడలా? నలుగురూ నవ్వుతారు,” అన్నాడు భర్త.

“నవ్వనివ్వండి. ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను, నాకేం లాభించలేదు. ఈ ఇంట్లో ఏ గోడకు ఏ రంగో మీరే చెప్పారు, నేను తుడిచాను. ఈ నాలుగు బారల నేల మాత్రం నాది. ఇక్కడ బండ పడదు. మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను.”

ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందోనని ఆమెకే ఆశ్చర్యం వేసింది. నిదానంగా మేస్త్రీ వైపు తిరిగి, “మూడు బొంగులు ఇప్పటికే మూసుకున్నాయి. లోపల పిల్లలుంటాయి,” అంది.

“మూడు కాదే, నాలుగు.”

ముగ్గురూ తలెత్తి కిటికీ వైపు చూశారు.

“నిన్న నువ్వు మిషను దగ్గరున్నప్పుడు ఎడమ చివరిదీ మూసేసింది,” అన్నారు అత్తగారు. “పదహారు ముక్కలు మోసింది మహాతల్లి, నేను లెక్కపెట్టాను. ఒరేయ్, కారు వీధివైపు పెట్టుకో. రోజంతా ఈ మంచం మీద నుంచి నాకు కనబడేది ఈ ఒక్క ముక్కేరా.”

మేస్త్రీ నూలుతాడు ఉండ చుట్టాడు. భర్త చివరికి, “సరే, మేస్త్రీకి టీ అయినా పెట్టు,” అన్నాడు.

అప్పుడే అయిదో బొంగు దగ్గర రెక్కలు మోగాయి. “పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండీ,” అని చెప్పి, ఆమె పట్టపగలు, పరాయి మనిషి ముందు, పూలమధ్య నేలమీద బోర్లా పడుకుని కెమెరా ఎత్తింది. కొంతసేపటికి వంటింట్లోంచి, “టీపొడి ఎక్కడ?” అన్న కేక వినబడింది.

“మెల్లగా అడగరా, ఈగ బెదురుతుంది,” అన్నారు అత్తగారు, బొంగు మీది చూపు తిప్పకుండా.