సుస్మిత రాసిన నల్ల గొర్రె

మర్నాడు పొద్దున సుస్మితకు నల్లగొండలో ఇంటర్వ్యూ. గురుకుల డిగ్రీ కాలేజీలో సీటు కోసం. తన గురించి ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసుకుపోయి చదివి వినిపించాలి. సీటు రాకపోతే గొర్ల వెంట పోవాల్సిందేనని వాళ్ల బాపు మల్లేశ్ ముందే చెప్పాడు. పానగల్‌లో వాళ్లది మా వెనకిల్లు. తప్పులు చూడమని కాగితం నా చేతికిచ్చింది.

రెండు చోట్ల క్రియ మార్చాను. నాలుగో వాక్యం దగ్గర కలం ఆగింది. ‘ఐ యామ్ ది బ్లాక్ షీప్ ఆఫ్ మై ఫ్యామిలీ.’

“ఇదెక్కడ దొరికింది నీకు?”

“టీవీల ఒకాయన అన్నడక్కా. ఇంట్ల అందరిది ఒక దారి, నాదొక్కనిదే వేరే, నేను బ్లాక్ షీప్‌ను అని నవ్విండు. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనొక్కదాన్నేనాయె.”

“ఆయన తనను తానే వెక్కిరించుకున్నాడు. ఇంటికి చెడ్డపేరు తెచ్చినవాళ్లను అంటారు ఆ మాట” అని దాని మీద గీత గీశాను.

సుస్మిత ఆ గీతనే చూసింది. “నల్ల గొర్రె చెడ్డదెట్లయితది?”

కాలేజీలో ఇలాంటి వాటికి అర్థాలు బట్టీపట్టాను తప్ప ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఫోన్‌లో వెతికాను. ఇంగ్లండ్‌లో ఉన్నికి రంగులు వేసి అమ్మేవాళ్లట. నల్ల ఉన్నికి ఏ రంగూ పట్టదు కాబట్టి దాన్ని తక్కువగా చూసేవాళ్లట. మగ్గం ఇంటి కోడలిని, ఆ సంగతి నాకు వెంటనే తలకెక్కింది. మా మామగారు వెంకటనర్సు నూలు తెల్లబడేదాకా రంగులో ముంచనిచ్చేవారు కాదు.

గోడ అవతల ఉన్ని వడుకుతున్న సుస్మిత నాయనమ్మ గుర్వమ్మ తల ఎత్తింది. “ఏందే, గొర్రె గొర్రె అంటున్నరు?”

సుస్మిత చెప్పింది. అవ్వకు నవ్వాగలేదు.

“రంగెందుకే పిల్లా? గొంగడికి నల్లదే కావాలె. తెల్లది అంచుకు గింతుంటే సాలు. మీ బాపు అంగట్ల తెల్ల గొర్రెను కొనుక్కొస్తే రెండు దినాలు మాట్లాడలే నేను.”

“అయితే ఉంచుదామా అక్కా?”

“వాళ్లకు గొంగడి సంగతి తెలియకపోతే? ఇంగ్లిష్ రాదనుకుంటారు. సీటు పోతుంది.”

“తీసేస్తే ఈ కాగితంల నాదేమున్నది? మిగిలిందంత అందరు రాసేదే.”

మళ్లీ చదివాను. పేరు, ఊరు, ఆశయం. నిజమే.

“సరే. కానీ అర్థం తెలిసే రాశావని వాళ్లకు తెలియాలి.”

కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాసి, కింద రెండు వాక్యాలు తనే చేర్చింది. ఇంగ్లిష్‌లో ఇది నింద. మా ఇంట్లో నల్ల ఉన్నికే విలువ, నేను మా ఇంటి మాటగా చెబుతున్నాను. నేను ఒక్క కామా పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం చెప్పులు విడవకుండానే గోడ దగ్గరకొచ్చింది.

“నాలుగో వాక్యం కాడ సారు ఆపిండక్కా, తప్పు అన్నడు. జర తర్వాతది వినుండ్రి సార్ అన్న. విని, వానకు గొంగడి తడవదా అని అడిగిండు. ఇగ నన్ను ఆపలేదు.”

“ఆ సారింట్ల గొంగడి ఉన్నదటనా?” అంది గుర్వమ్మ.

“లేదటవ్వా.”

“గందుకే తెల్వలే.”

పదిరోజులకు సీటొచ్చినట్టు కబురందింది. హాస్టల్‌కు తెచ్చుకోవలసినవాటి జాబితా చదివి వినిపించాను. బకెట్, పళ్లెం, దుప్పటి.

“దుప్పటి కొట్టెయ్ బిడ్డా” అంది గుర్వమ్మ. “ఇంట్ల గొంగడుండంగ అది కొనేది లేదు.”

ఈసారి గీత గీయడానికి నేను ఆలోచించలేదు.